తుపాకి మీద రాసిన తేదీలు

2019 మార్చి నెలలో ఒకనాడు నేను డిగ్రీ తరగతికి తళ్ళికోట యుద్ధం పాఠం చెబుతున్నాను. అనంతపురం సీమలో చరిత్ర చెప్పే పంతులుకు ఈ పాఠం దూరదేశపు కథ గాదు. 1565 జనవరి 23న యుద్ధం ఓడిపోయాక రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని మార్చుకున్నది మా పెనుకొండకే. అందుచేత పిల్లలు దాన్ని ఇంటి సంగతిలాగా వింటారు. నేను కూడా ఏళ్ళ తరబడి అలవాటైన వాక్యాలతోనే చెప్పుకుంటూ వచ్చాను: ముస్లిము సుల్తానులు ఏకమైనారు, హిందూ సామ్రాజ్యం కూలిపోయింది, హంపి శిథిలమైపోయింది. ఆనాడు కూడా అంతే చెప్పాను.

గంట కొట్టాక ఒక కుర్రవాడు వరండాలో నా వెంట వచ్చాడు. దూదేకుల ఇంటి పిల్లవాడు. వాళ్ళ జేజినాయన విల్లు భుజాన వేసుకుని వూరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఆ వృత్తి పోయాక నాయన మండీలో వేరుశనగ మూటలు మోస్తున్నాడు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. పిల్లవాడు కాస్త తటపటాయించి, "సార్, ఆ యుద్ధంలో మావాళ్ళు ఏ పక్కనుండిరి సార్?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. "అదంతా రాజుల సంగతిలే నాయనా, నీకెందుకు?" అని భుజం తట్టి పంపించాను. అది జవాబు గాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

అదే వారంలో, మార్చి 15న, న్యూజీలండు దేశంలోని క్రైస్టుచర్చి నగరంలో శుక్రవారం ప్రార్థనకు కూడిన ముస్లిములను ఒక తెల్లజాతి దురహంకారి రెండు మసీదుల్లో కాల్చి చంపాడు. 51 మంది చనిపోయారు. వారిలో హైదరాబాదు నుంచీ, కరీంనగరం నుంచీ వెళ్ళి అక్కడ బతుకుతున్నవారు కూడా వున్నారు. ఆ వార్తలో ఒక వివరం నన్ను పట్టుకుని వదలలేదు. హంతకుడు తన తుపాకుల మీద తెల్లరంగుతో పాత యుద్ధాల పేర్లూ, తేదీలూ, సేనానుల పేర్లూ రాసుకున్నాడు. 732లో ఫ్రాన్సులో జరిగిన తూర్ యుద్ధం, 1683లో తురుష్క సేనలు వియన్నాను ముట్టడించినప్పటి యుద్ధం, ఇట్లాంటివి. అతని చేతిలో చనిపోయిన హైదరాబాదీకి 732తో ఏం సంబంధం? ఆ మసీదులో చనిపోయిన పసివాడికి వియన్నాతో ఏం పని? అయినా ఆ హంతకుడు వాళ్ళందరినీ 1300 ఏళ్ళ యుద్ధంలో "ఒక పక్క" నిలబెట్టాడు.

నా పాఠం విన్న పిల్లవాడు అడిగింది కూడా అదే గదా! "మేము ఏ పక్క?" తుపాకి మీద తేదీలు రాసినవాడికీ, నల్లబల్ల మీద తేదీ రాసిన నాకూ ఎంతో భేదం వుంది. ఐతే ఆ తేదీకి ఇద్దరమూ ఇచ్చిన అర్థంలో భేదం ఏమున్నదని నన్ను నేను ప్రశ్నించుకోవలసి వచ్చింది. ఆ కుర్రవాడికి ఆలస్యంగా చెబుతున్న జవాబే ఈ వ్యాసం.

ముందు తళ్ళికోటనే చూద్దాం. హంపీని సుల్తానుల సేనలు కొల్లగొట్టిన మాట నిజం. దాన్ని దాచనక్కరలేదు. ఐతే అది రెండు మతాల యుద్ధమా? 1565కు ముందు రామరాయలు ఒక సుల్తానుతో చేయి కలిపి మరొక సుల్తాను మీదికి ఎన్నిసార్లు దండెత్తలేదు? బీజాపూరు తరఫున అహమ్మదునగరం మీద పడ్డాడు. గోలకొండకు రాజైన ఇబ్రహీం కుతుబ్‌షా అంతకు ముందు ఏడేళ్ళు ప్రాణభయంతో తలదాచుకున్నది విజయనగరంలోనే. ఆయన తర్వాత తెలుగు కవులను ఆదరించి "మల్కిభరాముడు" అని వారిచేత పిలిపించుకున్నాడు. అద్దంకి గంగాధరుడు "తపతీసంవరణోపాఖ్యానా"న్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన వుద్యోగి అమీనుఖానుకు పొన్నగంటి తెలగన "యయాతి చరిత్ర" అంకితమిచ్చాడు. ఆ ఇబ్రహీమే 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రాజ్యం మీదికి వచ్చాడు. ఇది మతమా? కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు నేల, కోటలు, శిస్తు, వ్యాపార మార్గాలు — వీటి కోసం ప్రభువుల మధ్య నడిచిన పోరు ఇది. విజయనగర సైన్యంలో ముస్లిము సేనానులు, విలుకాండ్రు, రౌతులు వుండేవారు. రెండవ దేవరాయలు 15వ శతాబ్దంలోనే వారిని కొలువులో చేర్చుకుని జాగీరులిచ్చి, రాజధానిలో మసీదు కట్టించాడని ఫెరిస్తా రాశాడు. సుల్తానుల కొలువుల్లో మరాఠాలు, తెలుగు నాయకులు, బ్రాహ్మణ కరణాలు వుండేవారు. విజయనగర తొలి రాజులు తమ శాసనాల్లో "హిందూరాయ సురత్రాణ" అని బిరుదు చెప్పుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. హిందూ రాజులలో సుల్తాను అనిపించుకోవడం వారికి గౌరవంగా తోచింది!

మరి బీజాపూరు, గోలకొండలను రూపుమాపినదెవరు? 1686, 1687 సంవత్సరాల్లో ఔరంగజేబు. ముస్లిము చక్రవర్తి ముస్లిము సుల్తానులను మింగాడు. మా అనంతపురం సీమ ఇంగ్లీషువారి చేతికి ఎట్లా పోయింది? టిప్పు సుల్తానును కూల్చడానికి నిజాము కంపెనీతో చేయి కలిపాడు. 1792లోనూ, 1799లోనూ మైసూరు నుంచి తన వాటాకు వచ్చిన నేలను 1800లో, కంపెనీ పటాలం ఖర్చు కింద, కంపెనీకే ధారపోశాడు. దత్తమండలాలు అట్లా పుట్టాయి. ముస్లిము నిజాము ముస్లిము టిప్పు నేలను క్రైస్తవ కంపెనీకి ఇచ్చాడు. ఇందులో మతాల వరస వెతికేవాడికి తల తిరుగుతుంది. రాజ్యం, శిస్తు, సైన్యం ఖర్చు అన్న వరస పెట్టి చూస్తే అంతా తేటతెల్లంగా కనిపిస్తుంది.

మరి ఈ తేటతెల్లమైన సంగతిని మతాల కథగా మార్చినదెవరు? 1817లో జేమ్సు మిల్లు "బ్రిటిషు ఇండియా చరిత్ర" అచ్చువేశాడు. ఆయన ఇండియాలో అడుగుపెట్టినవాడు గాదు, ఇక్కడి భాష ఒక్కటీ రాదు. అయినా మన చరిత్రను హిందూ యుగం, ముస్లిము యుగం, బ్రిటిషు యుగం అని మూడు ముక్కలు చేశాడు. మొదటి రెండింటికీ మతం పేరు పెట్టి, మూడోదానికి మాత్రం దేశం పేరు పెట్టడంలోనే రహస్యమంతా వుంది. "మీరు మతాలు, మేము ప్రభుత్వం" అన్నమాట! 1867 నుంచి 1877 దాకా ఎలియటు, డౌసనులు పారశీక గ్రంథాల నుంచి ఏరి కూర్చిన ఎనిమిది సంపుటాలు ఈ మూసకు కావలసినంత సరుకు అందించాయి. 1900లో మద్రాసు సివిలు సర్వీసు వుద్యోగి రాబర్టు సూయెలు విజయనగర చరిత్ర రాశాడు. మరుగునపడిన సామ్రాజ్యాన్ని వెలికి తీసిన ఆ శ్రమకు మనం కృతజ్ఞులమే. ఐతే దక్షిణాదికి ముస్లిము దండయాత్రల నుంచి అడ్డుగోడగా నిలిచిన హిందూ రాజ్యం అన్న బొమ్మ మన పాఠ్యపుస్తకాలకు ఎక్కినది ఆ పుస్తకం నుంచే. దేవరాయల కొలువులోని ముస్లిముల సంగతి కూడా ఆయన పుస్తకంలోనే వుంది. పాఠ్యపుస్తకాలు గోడను తీసుకుని కొలువును వదిలేశాయి.

ఈ మూస పుస్తకాలలోనే వుండిపోతే పండితులు తగవులాడుకుని వూరుకునేవారు. అది దస్తరాల్లోకి, శిక్షల్లోకి ఎక్కింది. మాకు పక్కనున్న కర్నూలు సంగతి చూడండి. 1839లో నవాబు గులాం రసూలుఖాను కోటలో ఆయుధాలు పోగుచేశాడని కంపెనీ దండెత్తింది. ఆయుధాలు దొరికిన మాట నిజమే. ఆ ఏడే హైదరాబాదులో నిజాము తమ్ముడు ముబారిజుద్దౌలాను "వహాబీ కుట్ర" పేరుతో పట్టుకుని గోలకొండలో బంధించారు. కర్నూలు నవాబును తిరుచినాపల్లికి పంపారు. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురైనాడు. రాజ్యం కంపెనీలో కలిసిపోయింది. దీనికి ఏడేళ్ళ తర్వాత, అదే కర్నూలు సీమలో, 1846లో వుయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. ఆయన తిరుగుబాటుకు దస్తరాలు చెప్పే కారణాలేమిటి? పాలెగాళ్ళ కుటుంబాలకు రావలసిన భత్యం ఆగిపోవడం, మాన్యాల తగాదా. సరైన కారణాలే. ఆయనను వురితీసిన దొరలు కూడా ఆయన మతం కారణమని రాయలేదు. మరి నవాబుకూ రాజ్యం, అధికారం, కంపెనీ మెడమీద పెట్టిన కాడి వున్నాయి గదా! ఆయన విషయంలో ఆ మాటలు వెనక్కిపోయి, మతం ముందుకు వచ్చింది. ఒకే సీమ, ఒకే దశాబ్దం, ఒకే దొరతనం. రెడ్డి తిరగబడితే కారణం వెతికారు; నవాబు ఆయుధం పట్టితే కారణం వాడి పేరులోనే దొరికింది.

1871లో హంటరు దొర "ఇండియా ముసల్మానులు" అని పుస్తకం రాశాడు. రాణి మీద తిరగబడడం వీళ్ళకు మతధర్మమా అన్నది ఆ పుస్తకం అట్టమీది ప్రశ్న. ఆయన పరిశీలించింది బెంగాలు స్థితిగతులను. వుద్యోగాలూ భూములూ పోగొట్టుకుని అక్కడి ముస్లిములు దిగజారిన వైనాన్ని కూడా ఆయన వివరించాడు. ఐతే అట్టమీద పేరు మాత్రం దేశంలోని ముస్లిములందరిది! పెనుకొండలో దర్గా ముందు పూలమ్ముకునేవాడు, తాడిపత్రిలో బండి తోలేవాడు, వాళ్ళకు తెలియకుండానే ఆ ప్రశ్నకు ముద్దాయిలైనారు.

మలబారు కథ ఇంకా స్పష్టంగా వుంటుంది. అక్కడ మాప్పిళ్ళ రైతులు 19వ శతాబ్దమంతా జన్మీల మీద, వారికి కాపుగాసిన దొరతనం మీద మళ్ళీ మళ్ళీ తిరగబడ్డారు. 1854లో ప్రభుత్వం ఒక చట్టం చేసి, ఎక్కడ తిరుగుబాటు జరిగితే అక్కడి మాప్పిళ్ళలందరిమీద మూకుమ్మడి జుల్మానా వేసే అధికారం తీసుకున్నది. మతోన్మాదం ఆ జాతి నెత్తుట్లోనే వుందని వారి వాదం. ఐతే ఆ ప్రభుత్వమే నియమించిన విలియం లోగను 1882లో ఇచ్చిన నివేదికలో ఏమన్నాడు? కౌలుదారులకు నేలమీద హక్కు లేకపోవడం, ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళగొట్టడం ఈ అలజడికి మూలమని తేల్చాడు. నివేదిక బీరువాలోకి పోయింది. 1921లో మలబారు మళ్ళీ మండింది. ఆ తిరుగుబాటులో హిందువులమీద జరిగిన దారుణాలను ఏ అభ్యుదయవాదీ సమర్థించనక్కరలేదు, దాచనూ కూడదు. అందులో మతావేశం లేదనడం కూడా నిజం గాదు. కాని మతావేశం ఒక్కటే వుందనడం అంతకంటె పెద్ద అబద్ధం. ఆ నవంబరులో తిరూరులో ఖైదీలను గాలి చొరని సామాను పెట్టెలో కుక్కి బళ్ళారి దిక్కుగా రైలెక్కించారు. పోదనూరులో తలుపు తీసేసరికి శవాలు. చివరికి దాదాపు 70 మంది చనిపోయారు. మాకు పొరుగూరైన బళ్ళారి జైలుకు చేరవలసిన మనుషులు వాళ్ళు. గాలి ఆడని ఇనుప పెట్టెలో మనుషుల్ని వేసేటప్పుడు వాళ్ళు మనుషులని తోచకపోవడానికి, వాళ్ళను గురించి అరవై డెబ్బై ఏళ్ళుగా రాసిన రాతలు కూడా కారణం గాదా?

ఇక మా కరువు సీమ జనం ఎట్లా బతికారో చూద్దాం. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా ఖాయంగా పడని నేల ఇది. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే వుంది. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ కరువులో గంజి కోసం, కూలిపనుల కోసం నిలబడిన వరసలో బోయ, మాదిగ, దూదేకుల, కురుబ అందరూ వున్నారు. వానకు మొక్కిన జనం గుడికీ మొక్కారు, దర్గాకూ మొక్కారు. పెనుకొండ బాబయ్య దర్గాకు ఈనాటికీ అన్ని కులాలవారూ వస్తారు. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు లక్షల జనం కూడుతారు. అందులో అధిక సంఖ్యాకులు ముస్లిములు గారు. పీర్లచావిడి పక్కనే ఆంజనేయుని గుడి. అగ్నిగుండం తొక్కేవాడిని నీ మతమేమిటని అడిగేవాడు లేడు. తెలుగు కవి అఫ్సర్ 2013లో ఈ గూగూడు పండుగ మీదనే ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రకటించారు. మా సీమ హిందూ ఇళ్ళలో కుళ్ళాయప్పలు, ఫకీరప్పలు, హుసేనప్పలు, మస్తానమ్మలు ఎందరో లెక్కలేదు. సెన్ససు గుమాస్తా వచ్చి "నీ మతమేది?" అని గడి చూపేవరకూ ఈ పేర్ల వల్ల ఎవరికీ చిక్కు రాలేదు.

దొరల కులవర్ణన గ్రంథాలు దూదేకులవారి దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాయి. థర్‌స్టను 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో వీరి ప్రస్తావన వుంది. మసీదుకు పోతారు, మళ్ళీ కొన్ని హిందూ పండుగలూ చేస్తారు. తెలుగో కన్నడమో మాట్లాడుతారు. కాబట్టి వీళ్ళు రెండింటి కలగాపులగం! పుర్రెలూ ముక్కులూ కొలిచి మనుషులకు గడులు గీసినవారికి, గడిలో ఇమడని మనిషి సగం మనిషిగా కనిపించాడు. గడి తప్పేమో అన్న అనుమానం మాత్రం రాలేదు.

ఇదంతా పాతకథ అనుకోవద్దు. సామ్రాజ్యాలు పోయినా ఆ గడులు పోలేదు. పడమటి దేశాలలోకి తిరిగి పోయి అక్కడ కాపురం పెట్టాయి. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సు మోటారు కర్మాగారాలు మొరాకో, అల్జీరియాల నుంచి కూలీలను పిలిపించుకున్నాయి. అప్పుడు వాళ్ళు కూలీలే. 1982లో పారిసు చుట్టుపట్ల సిట్రోయెన్, టాల్బో కర్మాగారాల్లో ఆ కార్మికులు సమ్మె కట్టారు. గౌరవంగా చూడాలి, ఇష్టమైన సంఘంలో చేరే స్వేచ్ఛ కావాలి అన్నవి వాళ్ళ ప్రధానమైన కోర్కెలు. ప్రార్థనకు ఒక చోటు కావాలన్నది కూడా ఒక కోర్కె. 1983 జనవరిలో ప్రధాని మొరువా ఈ కార్మికులను మత, రాజకీయ బృందాలు రెచ్చగొడుతున్నాయన్నాడు. గమనించండి, ఆయన సోషలిస్టు ప్రధాని! జీతం, గౌరవం అడిగిన కార్మికుడు రాత్రికి రాత్రి "ముస్లిము"గా మారిపోయాడు. మలబారు కౌలుదారుకు జరిగిందే ఇక్కడా జరిగింది. వామపక్షం పేరు పెట్టుకున్నంత మాత్రాన ఈ మూస నుంచి విముక్తి దొరకదని మనం గుర్తుపెట్టుకోవాలి.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో సుమారు 3000 మందిని హత్యచేసిన ఘాతుకం తర్వాత ఈ అనుమానం చట్టం రూపం ఎత్తింది. 2002లో అమెరికా ప్రభుత్వం 25 దేశాల నుంచి వచ్చిన మగవారు ప్రత్యేకంగా వేలిముద్రలిచ్చి నమోదు కావాలన్నది. ఉత్తర కొరియా ఒక్కటి తప్ప తక్కినవన్నీ ముస్లిములు అధికంగా వున్న దేశాలే. 80,000కు పైగా మనుషులు వరసల్లో నిలబడ్డారు. 13,000 మందికి పైగా దేశబహిష్కార విచారణలకు గురైనారు. భీభత్స నేరం కింద శిక్షపడినవాడు ఆ వరసల్లో ఒక్కడూ తేలలేదు. 2011లో ఆ పద్ధతిని ఆపివేశారు, 2016 డిసెంబరులో నిబంధనలే కొట్టివేశారు. 2007 జూలైలో ఆస్ట్రేలియాలో మన పొరుగు కర్ణాటకకు చెందిన డాక్టరు మహమ్మదు హనీఫును పట్టుకుని, అభియోగం లేకుండా పన్నెండు రోజులు నిర్బంధించారు. ఇంగ్లండులో బంధువుకు తన టెలిఫోను సిమ్ ఇచ్చి రావడం అతని మీది ఆధారం. ఆ నెలాఖరుకే కేసు కూలిపోయింది. మరుసటి ఏడు విచారణ సంఘం అతను నిర్దోషి అని తేల్చింది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సాసు రాష్ట్రం ఒలేతా పట్టణంలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లమీద ఒకడు "నా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్పులు జరిపాడు. కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. స్నేహితుడు గాయపడి బతికాడు. తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని హంతకుడు తర్వాత చెప్పుకున్నాడు. అంతకు ముందు 2001 సెప్టెంబరు 15న అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును తలపాగా చూసి చంపారు. కాన్సాసు వార్త వచ్చిన రోజు మా అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు నిట్టూర్చి, "పాపం, పొరపాటున చంపాడండీ. వీళ్ళు ముస్లిములు గారు గదా!" అన్నాడు. అందరం తల వూపాము. నేనూ వూపాను. ఇంటికి పోయి ఆలోచిస్తే ఆ మాట అర్థమేమిటో తెలిసి సిగ్గువేసింది. నిజంగా ఇరానీయుణ్ణే చంపివుంటే పొరపాటు కానట్టా? గడి గీసినవాడిని వదిలి, మనల్ని తప్పు గడిలో వేశాడని బాధపడ్డాము. మనకు మనం ఎన్ని గడులు గీసుకున్నా, తుపాకి పట్టినవాడి కంటికి కూచిభొట్ల, హనీఫు, సోధీ ఒక్క గడిలోని వారే.

ఇక్కడ మనం ఒక పొరపాటు చెయ్యకూడదు. పడమటి దేశాలవాళ్ళందరూ ఇంతే అంటే, మనం కూడా గడి గీసినవాళ్ళమే అవుతాము. ఒలేతాలో తుపాకికి అడ్డం పోయి గుండు తిన్న ఇయాన్ గ్రిలో తెల్లవాడు. హనీఫు కోసం వాదించిన న్యాయవాదులు ఆస్ట్రేలియనులు. 2017 జనవరిలో ఏడు దేశాల ముస్లిములను ఆపినప్పుడు అమెరికా విమానాశ్రయాల్లో నేలమీద కూర్చుని దరఖాస్తులు రాసినవారు అక్కడి వకీళ్ళే. బీరువాలోకి పోయిన లోగను నివేదిక కూడా తెల్లవాడు రాసిందే. పడమర ఒకటి గాదు, తూర్పు ఒకటి గాదు. ప్రతిచోటా గడి గీసేవాడూ వున్నాడు, చెరిపేవాడూ వున్నాడు.

అందుచేతనే పడమటివారి తప్పులు లెక్కపెట్టి చేతులు దులుపుకునే హక్కు మనకు లేదు. మన నాటకాల్లో, సినిమాల్లో సాయిబు పాత్ర వచ్చీరాని తెలుగుతో నవ్వించడానికి తప్ప ఎందుకు వస్తుంది? మా సీమ దూదేకులవారి తెలుగు నా తెలుగు కంటె తక్కువది గాదే! దూదేకులవారిని వుర్దూ రాదని కులీన ముస్లిములు చిన్నచూపు చూశారు. ముస్లిములని హిందువులు దూరం పెట్టారు. ఇద్దరూ కలిసి వాళ్ళమీద సామెతలు కట్టారు. వాళ్ళ విల్లును మిల్లులూ యంత్రపు పరుపులూ మింగినప్పుడు మాత్రం వాళ్ళ గోడు విన్నవారు తక్కువ. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దూదేకుల, లద్దాఫు, పింజారి, నూర్‌బాషులను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చింది. అది మతాన్ని చూసి ఇచ్చిన వరం గాదు, వృత్తినీ వెనుకబాటునూ చూసి గుర్తించిన హక్కు. జీవితాన్ని చూస్తే కారణాలు కనిపిస్తాయి. పేరును మాత్రమే చూస్తే మతం ఒక్కటే కనిపిస్తుంది. నేను ఇన్ని పేజీలుగా చెప్పదలచుకున్నది ఇంతే.

నా సహోపాధ్యాయులకు ఒక మనవి. చరిత్రలో మతం లేదని చెప్పమని నేను అనడంలేదు. గుళ్ళు కూలిన చోట కూలాయని, మనుషులను చంపిన చోట చంపారని చెప్పవలసిందే. ఐతే ఏ తిరుగుబాటు, ఏ యుద్ధం, ఏ సమ్మె పాఠం చెప్పినా బల్లమీద ముందు నాలుగు ప్రశ్నలు రాయండి: నేల ఎవరిది? శిస్తు ఎవరికి పోయింది? ఎవరి వైపున ఎవరెవరు పోరాడారు? ఈ కథను మొదట రాసినవాడెవడు, ఎవరి జీతం తిన్నాడు? ఈ నాలుగూ అడిగాక మతం పాత్ర ఎంతో అంత తేలుతుంది. విద్యార్థులు ఈ ప్రశ్నలను పంతుళ్ళను కూడా అడగాలి.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడ వున్నాడో నాకు తెలియదు. చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడైనా ఈ పత్రిక వాడి చేతికి వస్తే, ఆనాడు వరండాలో చెప్పలేకపోయిన జవాబు ఇది.

నాయనా, తళ్ళికోటలో మీవాళ్ళు, మావాళ్ళు అన్న రెండు పక్షాలు లేవు. రెండు సేనల్లోనూ రెండు మతాలవాళ్ళూ వున్నారు. రెండు సేనల తిండీ రైతు శిస్తులోంచే వచ్చింది. మీ జేజినాయనల జేజినాయనలు ఆ కాలాన ఎక్కడో దూది ఏకుతూనో, మడకపట్టి దున్నుతూనో వుండివుంటారు. మా పూర్వులు కూడా అంతే. గెలిచినవాడికీ శిస్తు కట్టారు, ఓడినవాడికీ కట్టారు. మనవాళ్ళు ఒక పక్కనే వుండిరి. ఆ పక్క గురించి పాఠం చెప్పకపోవడం నా తప్పు.